ఎర్ర దారం కట్టిన సీసా

మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగు నాలుగుసార్లు మేత మానుకుని పడుకుని, పొర విడిచి లేస్తుంది. దాన్ని మేం జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు పగలూ రాత్రీ ఆకు మేసి, ఒళ్లు తేనె రంగుకు తిరిగి పండుతుంది. అప్పుడు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చంద్రిక మీద వేయాలి. చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకునే వెదురు తట్ట. గట్టిగా పట్టుకుంటే పురుగు చస్తుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తున్నాను. నా చేతిలో పురుగు చితికిందని ఎవరూ చెప్పుకోలేదు.

ఉగాది మరునాడు పొద్దున నా కుడిచేతి వేళ్ల మధ్య ఒక పురుగు చితికింది. చితికినట్టు నాకు తెలియలేదు. చీర మీద మరక చూసి తెలుసుకున్నాను. ఇంకొకటి ఎత్తాను. అదీ చితికింది. మూడోదాన్ని కళ్లార్పకుండా చూస్తూ ఎత్తాను. వేలికి తడి అంటింది. ఆ తడి కంటికి కనిపిస్తోంది గానీ వేలికి తగలడం లేదు.

నాకేదో జబ్బు వచ్చిందని నేను అనుకోలేదు. నిన్న ఈ ఇంట్లోకి వచ్చిందెవరు అని అనుకున్నాను.

పురుగుల ఇల్లంటే అంతే. నాలుగో జ్వరం లేచాక బయటివాళ్లను రానివ్వం. వచ్చినవాళ్ల కాళ్లు కడిగిస్తాం. తలలో పూలున్నా, చేతికి అగరొత్తుల వాసన ఉన్నా గడప దాటనివ్వం. నిన్న మాత్రం పండగ కదా అని మా ఆయన నారాయణప్ప తన తమ్ముడి భార్యను రానిచ్చాడు. అంటే నా తోడికోడలు సరోజను. గిన్నెలో ఒబ్బట్లు, అంటే బొబ్బట్లు, తెచ్చింది. పండగ పూట కాదనలేక గడపలో నిలబడి రెండు తిన్నాను. పదకొండేళ్ల తర్వాత ఆమె చేతి తిండి తినడం అదే.

పదకొండేళ్లు ఎందుకు తినలేదో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు.

నా పేరు రత్నమ్మ. కోలారు జిల్లా ముల్బాగల్ తాలూకాలో ఆవని అనే ఊరికి దగ్గర పల్లె మాది. అన్నదమ్ములు వేరు పడ్డాక ఇద్దరూ బోర్లు వేయించారు. మరిదిది ఎండిపోయింది. మాది వెయ్యి అడుగులు దాటాక ఎగజిమ్మింది. ఊరంతా వచ్చి చూసింది. కోలారు జిల్లాలో బోరు పారడమంటే ఇంట్లో లక్ష్మి తిరిగినట్టే. ఆ రోజు నుంచి సరోజకు రోజూ రెండు బిందెలు తాగునీళ్లు నేనే ఇచ్చాను. ఇచ్చినందుకు గొప్పగానే ఉండేది. లేదని అబద్ధం చెప్పను.

ఒకరోజు ఆ నీళ్లు ఆవు తొట్టిలో పోస్తూ కనిపించింది. పక్కన పంచాయతీ ఫిల్టర్ నీళ్ల క్యాను ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ఏమే, నేనిచ్చిన నీళ్లు ఆవుకు పోస్తా ఉండావా?"

"అది కాదక్కా. స్కూల్లో పిల్లల పళ్లు చూసేదానికి వచ్చినోళ్లు చెప్పినారు. లోతు బోరు నీళ్లు మంచివి కావంట. మీరూ తాగొద్దండి అక్కా."

"నీ బోరు ఎండిపాయె, నాది పారతా ఉండాది. అదే గదా నీ కడుపుమంట? పో, ఇంగ నా గడప తొక్కొద్దు."

నా నీళ్లు తాగనిదాని ఇంట్లో నేను పచ్చి నీళ్లు కూడా ముట్టనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. మా వైపు ఒక ఇంటి నీళ్లు వద్దనడం కంటే పెద్ద మాట లేదు.

అందుకే పురుగు చితికిన రోజు నాకు మరో ఆలోచన రాలేదు. ఒబ్బట్టులో ఏదో కలిపిందని తేల్చేసుకున్నాను. మా వైపు దాన్ని మందు పెట్టడం అంటారు. మందు పెడితే మనిషి రోజురోజుకూ కరిగిపోతుందని, చేతులూ కాళ్లూ పడిపోతాయని చిన్నప్పటి నుంచి విన్నాను. అప్పటికే మెడ వంచితే వీపులోంచి కాళ్ల దాకా కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి ఎంతో సేపు పట్టేది. ఇవన్నీ ఒబ్బట్టు కంటే ముందే మొదలయ్యాయని ఇప్పుడు లెక్క తెలుస్తోంది. అప్పుడు మాత్రం అన్నీ ఒబ్బట్టు ఖాతాలోనే వేశాను.

మా ఆయన మొత్తుకున్నాడు. "అదేం మాటే? సరోజ అట్లాంటిది కాదు."

"నువ్వెందుకు ఎనకేసుకొస్తా ఉండావు?" అన్నాను. ఆయన మీద కూడా అనుమానం వచ్చింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

మందు తీసే మనిషి దగ్గరికి పోయాం. ఊరి పేరెందుకు లెండి. ఏదో ఆకు పసరు తాగించాడు. పేగులు బయటికి వచ్చేలా కక్కుకున్నాను. ఆయన ఆ కక్కులో చెయ్యి పెట్టి నల్లటి ముద్ద ఒకటి తీసి చూపించాడు. "చూడమ్మా, ఇదే. చానా దినాల మందు. కరుసుకోని ఉండాది."

నేను నమ్మేశాను. కూరగాయలమ్మే మనిషి తక్కెడను రెండుసార్లు చూసేదాన్ని, ఆ ముద్ద ఆయన అరచేతిలోంచే జారిందేమోనని ఒక్కసారి కూడా అనుకోలేదు. వారం రోజులు ఒళ్లు తేలికపడినట్టు కూడా అనిపించింది. మళ్లీ మామూలే.

మా అమ్మాయి భారతి కేజీఎఫ్‌లో, ఆండర్సన్‌పేటలో ఉంటుంది. అల్లుడు కోలారు దగ్గరి నరసాపురంలో మోటారుబళ్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. ఆషాఢంలో వాళ్లింటికి పోయాను. ఆటో దిగి సందులో నడుచుకుంటూ పోతున్నాను. కాళ్లు బిగుసుకుపోయి, కర్రలు నాటుకుంటూ నడిచినట్టుంది. పక్కింటి గ్రేసమ్మ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆమె బంగారు గనుల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది.

"ఏమ్మా రత్నమ్మా, ఒక చెప్పు యాడ?"

కిందికి చూసుకున్నాను. ఎడమ కాలికి చెప్పు లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆటో ఆగిన చోట పడి ఉంది. అంత దూరం కంకర మీద ఒట్టి కాలితో నడిచాను. ఒక్క రాయి కూడా గుచ్చుకున్నట్టు తెలియలేదు.

గ్రేసమ్మ కాయల చేట పక్కన పెట్టి నన్ను మెట్ల మీద కూర్చోబెట్టింది. రెండు చేతులూ చాపి గుప్పిళ్లు గబగబా ముయ్యి, తెరువు అంది. మూయగలిగాను. తెరవడానికే వేళ్లు మాట వినలేదు. తర్వాత చెవిలో అడిగింది. "ఒంటికి పోయేది ఆపుకోలేకుండా ఉండావా?" సిగ్గుతో తల ఊపాను. రెండు నెలలుగా ఆ బాధ ఉంది. ఎవరికీ చెప్పలేదు.

"ఇది కాళ్ల జబ్బు కాదమ్మా, చేతుల జబ్బు కాదు. మెడలో నరం నలుగుతా ఉండాది. కోలార్ పెద్దాసుపత్రికి పో, న్యూరో డాక్టర్‌ను చూడు. ఒకటి మాత్రం ఇను. ఎవురు చెప్పినా సరే, మెడ తిప్పనీకుండా చూసుకో."

ఈమెకు ఆ ఆసుపత్రితో ఏం సంబంధమో అనుకున్నాను. పోలేదు. మా టౌన్లో ఎముకల డాక్టరును చూశాను. ఆయన ఎక్స్‌రే చూసి "సర్వైకల్ స్పాండిలోసిస్ లాగుంది, అయినా ఎమ్మారై తీయిస్తే గానీ చెప్పలేను" అన్నాడు. కాలర్ ఇచ్చాడు, మాత్రలు ఇచ్చాడు. కాలర్ పెట్టుకున్నాను. ఎమ్మారైకి పోలేదు. ఒకరు ఇంకొకరి దగ్గరికి పంపడం, వాళ్లు మరొకరి దగ్గరికి పంపడం, ఇదంతా వాళ్లలో వాళ్లు ఆడుకునే ఆట అని నా లెక్క. డాక్టరు చెప్పిన రెండు మాటల్లో నాకు నచ్చింది పట్టుకుని, నచ్చనిది వదిలేశాను. తప్పు ఆయనది కాదు.

పక్క ఊళ్లో మెడ పట్టు తీసే మనిషి ఉన్నాడని ఎవరో చెప్పారు. అంతమందిని అనుమానించిన నేను అక్కడికి మాత్రం నవ్వుతూ పోయాను. ఎందుకంటే ఆయన ఏ కాగితమూ రాయడు, ఏ మిషనూ చూపించడు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, నూనె రాసి, గడ్డం కింద చెయ్యి పెట్టి "ఊపిరి ఇడువమ్మా" అన్నాడు. గ్రేసమ్మ మాట గుర్తొచ్చింది. నోరు తెరిచేలోగా టక్కుమని తిప్పేశాడు.

మెడలోంచి అరికాలి దాకా పిడుగు పడినట్టైంది. పీట మీంచి పక్కకు ఒరిగిపోయాను. లేద్దామంటే కాళ్లు లేవు. చూస్తే ఉన్నాయి, నా మాటే వినడం లేదు. ఆ మనిషి మొహం తెల్లబడిపోయింది. మా ఆయన పిల్లవాడిలా ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఇంక పురుగుల ఇంట్లో నిలబడనేమో, ఎవరో ఎత్తి కూర్చోబెడితే కూర్చోవాలేమో అని ఒక్కటే భయం.

మరిది టెంపో తెచ్చాడు. వెనక పరుపు వేసి పడుకోబెట్టారు. సరోజ ఎక్కి నా కాళ్ల దగ్గర కూర్చుంది. నేను వద్దన్నాను. ఆమె దిగలేదు. కోలారు దాకా నా పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. ఆ చేతులు నా కాళ్ల మీద తిరుగుతున్నట్టు కంటికి కనిపించింది. తగలడం మాత్రం లేదు. ఆ స్థితిలో కూడా నా బుద్ధి ఎలా ఉందో చూడండి. చేసిందానికి భయపడి ఇంత ప్రేమ చూపిస్తోంది అనుకున్నాను.

పెద్దాసుపత్రిలో న్యూరోసర్జన్ చిన్నవాడు. మాలూరు దిక్కు మనిషి, తెలుగూ కన్నడా కలిపి మాట్లాడేవాడు. మీసం కూడా సరిగా రాలేదు, ఇతను నా మెడ కోస్తాడా అనుకున్నాను. మోకాళ్ల మీద చిన్న సుత్తితో తడితే కాలు ఎగిరి ఆయన్ను తన్నినంత పని చేసింది. నడివేలి గోరు గిల్లి వదిలితే బొటనవేలు దానంతట అది ముడుచుకుంది. అరికాలు గీకాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఈ దినమే ఎమ్మారై తీయాలమ్మా. సీటీ కూడా."

ఎమ్మారై గొట్టంలో టకటక, డబడబ చప్పుళ్లు. కదలొద్దన్నారు. కదిలే శక్తి ఉంటే కదా!

సాయంత్రం డాక్టరు ఫిల్మ్ లైటు ముందు పెట్టి మా ముగ్గురికీ చూపించాడు. నాకు, మా ఆయనకు, కేజీఎఫ్ నుంచి వచ్చిన భారతికి. "ఇదో, మధ్యలో తాడు మాదిరి పోతా ఉండేది స్పైనల్ కార్డ్, వెన్నుపాము. చుట్టూ తెల్లగా ఉండేది నీరు. ఇక్కడ చూడండి, తెలుపు లేనే లేదు. కార్డ్ కంప్రెస్ అయిపోయింది. వెన్నుపూసల లోపలి పక్క ఒక లిగమెంట్ ఉంటాది, పట్టీ మాదిరి. అది మెత్తగా ఉండాలి. మీకు అది ఎముక అయిపోయింది. ఓపీఎల్ఎల్ అంటాము. ఇది ఒక దినంలో వచ్చేది కాదు, ఏండ్లు పట్టి ఉంటాది."

"మరి ఉగాది నాడు తిన్నది...?" అన్నాను.

భారతి నా వైపు కళ్లురిమి చూసింది. డాక్టరు నవ్వలేదు. "ఏమి తిన్నారమ్మా?"

"ఒబ్బట్టు."

"ఒబ్బట్టు తింటే ఎముక పెరగదమ్మా."

తర్వాత నా పళ్లు చూపించమన్నాడు. పళ్ల మీద చిన్నప్పటి నుంచీ పసుపూ గోధుమా చారలున్నాయి. మా పల్లెలో చాలామందికి ఉన్నాయి. ఆ తర్వాత ముంజేతికి ఎక్స్‌రే రాశాడు. నాకు కోపం వచ్చింది. మెడ జబ్బుకు చేతి ఎక్స్‌రే ఎందుకు? ఒకదాంట్లో దొరకనిది ఇంకోదాంట్లో వెతుకుతున్నాడు, ఇతనికి ఏమీ తెలియదు అనుకున్నాను. ఎక్స్‌రే చూసి ముంజేతి రెండు ఎముకల మధ్య గరుకుగా ఉన్న గీతను వేలితో చూపించాడు. ఏదో రాసుకున్నాడు. ఆ వేళకు ఏమీ చెప్పలేదు. అదీ నాకు అనుమానమే.

ఆపరేషన్ పేరు లామినోప్లాస్టీ. మెడ వెనక నుంచి ఎముకలను తలుపు తెరిచినట్టు తెరిచి, కార్డ్‌కు చోటు చేస్తారట. ముందు వైపు గట్టిపడినదాన్ని ముట్టరట. సంతకం పెట్టమని కాగితాలిచ్చారు. నేను పెట్టనన్నాను.

"డాక్టరప్పా, నువ్వు నీ చేత్తో రాసియ్యి. రత్నమ్మ నడుస్తాది అని రాయి. అప్పుడు పెడతాను."

మా ఆయన తల కొట్టుకున్నాడు. డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, ఒక తెల్ల కాగితం మీద కన్నడంలో రాశాడు. నాకు కన్నడం చదవడం వచ్చు గానీ ఆయన రాత కోడి గీకినట్టుంది. భారతి చదివి వినిపించింది.

"ఈ ఆపరేషన్ ఇంకా చెడకుండా ఆపేదానికి. నడక వస్తుందని నేను మాట ఇవ్వను. రావచ్చు, కొంతే రావచ్చు. చేతుల పని నిదానంగా బాగుపడవచ్చు. ఆపరేషన్ అయిన కొన్ని దినాలకు ఒక భుజం లేవకుండా పోవచ్చు, చాలామందికి నెలల్లో తిరిగి వస్తుంది. చేయించుకోకపోతే ఇంకోసారి పడినా, మెడకు దెబ్బ తగిలినా మెడ కింద ఏదీ పని చేయకపోవచ్చు." కింద సంతకం పెట్టాడు.

నేను ఆ కాగితం చాలాసేపు చూశాను. మందు తీసేవాడు నయమైపోయిందన్నాడు. మెడ తిప్పేవాడు రేపే పరిగెత్తుతావన్నాడు. మాట ఇవ్వనన్నది ఇతనొక్కడే. సంతకం పెట్టాను. ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

ఆపరేషన్ అయ్యాక కళ్లు తెరిచేసరికి మెడలో రంపం పెట్టినంత నొప్పి. అయినా మరునాడు కుడికాలి బొటనవేలు కదిలింది. సిస్టర్ దుప్పటి తీసి చూపించి "కదిలిస్తా ఉండారమ్మా!" అని కేకేసింది. అప్పుడు ఏడ్చాను.

మూడో రోజు కుడి భుజం పడిపోయింది. అన్నం ముద్ద నోటి దాకా ఎత్తలేకపోయాను. చెయ్యి గుమ్మానికి వేలాడదీసిన సొరకాయలా ఊగింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే. ఇంక నా నోటికి అడ్డూ ఆపూ లేదు. "నరం కోసేసినాడు! చిన్నోడు, చెయ్యి జారింటాది. ఎవురూ చెప్పరు. అందరూ ఒకటే!" వార్డంతా వినేలా అరిచాను. వ్యాయామం చేయించడానికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయిని దగ్గరికి రానివ్వలేదు.

భారతి లేచింది. నా బట్టల సంచీలోంచి ఆ కాగితం తీసి, ఒక్క వాక్యం మీద వేలు పెట్టి చదివింది. "ఒక భుజం లేవకుండా పోవచ్చు, చాలామందికి నెలల్లో తిరిగి వస్తుంది."

"ముందే రాసినాడమ్మా. నువ్వే రాయించుకున్నావు."

సాయంత్రం ఫిజియో అమ్మాయిని నేనే పిలిపించాను. డాక్టరు వచ్చి సీ ఫైవ్ పాల్సీ అని పేరు చెప్పాడు, భుజం ఎత్తే నరం నీరసపడిందన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇప్పుడు నీళ్ల మాట. ఆసుపత్రి నీళ్లు నాకు నమ్మకం లేదు. ఏ ట్యాంకువో, ఎవరు కడిగారో? అందుకని మా ఆయన రెండు రోజులకోసారి ఊరికి పోయి మా బోరు నీళ్లు కాచి, చల్లార్చి, స్టీలు క్యానులో తెచ్చేవాడు. జబ్బు మనిషికి కాచిన నీళ్లు మంచివని గ్లాసు మీద గ్లాసు తాగాను. ఒకరోజు డాక్టరు ఆ క్యాను చూశాడు.

"ఈ నీళ్లు యాడివి?"

"మా బోరువి. వెయ్యి అడుగులు దాటినాక పడింది. చెరుకుపాల మాదిరి ఉంటాయి."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "మీ పళ్లు, మీ ముంజేయి ఎక్స్‌రే చూసినప్పుడే నాకు డౌట్ వచ్చిందమ్మా. ఫ్లోరోసిస్. నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఏండ్ల మీద ఎముకలు, లిగమెంట్లు గట్టిపడతాయి. ఓపీఎల్ఎల్ అందరికీ నీళ్ల వల్లే రాదు. మీకు వచ్చిందేమో తెలుసుకోవాల. నీళ్లు టెస్ట్ చేయించండి. అంతవరకు ఇవి తాగొద్దు. కాచేది అసలు వద్దు. కాచితే నీరు ఇగిరిపోయి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది."

సరోజ పదకొండేళ్ల క్రితం అన్న మాటే. నాకు ఒక్కసారిగా అంతా అర్థమైనట్టు అనిపించింది. కానీ అర్థమైంది తలకిందులుగా. సరోజ రోజూ వచ్చి వరండాలో కూర్చుంటోంది కదా, ఆమే డాక్టరుకు ఎక్కించింది! నా బోరు మూయించాలని చూస్తోంది!

సరే, మీ అందరినీ నేనే పరీక్ష పెడతానని తీర్మానించుకున్నాను. మా ఆయన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాను.

"రెండు సీసాలు తీసుకో. ఒకదాంట్లో మన బోరు నీళ్లు పట్టు. ఇంకోదాంట్లో సరోజ తాగే క్యాను నీళ్లు పట్టు. మన సీసా మెడకు ఎర్ర దారం కట్టు. దారం ఎందుకని ఎవురికీ చెప్పొద్దు. ల్యాబులో అడిగితే రెండూ మన బోరువే అని చెప్పు."

"ఎందుకే ఇదంతా?"

"రెండూ మనవే అంటే రెండూ చెడ్డవనే రాసిస్తారు చూడు. అప్పుడు దొంగలు దొరుకుతారు."

ఆయన ఊరికి పోయాడు. సరోజ దగ్గర నీళ్లడిగితే "దేనికి బావా?" అని కూడా అడగకుండా పట్టి ఇచ్చిందట.

రిపోర్టు వచ్చిన రోజు మా ఆయన నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని కాగితం విప్పాడు. ఎర్ర దారం సీసాలో ఫ్లోరైడ్ ఉండాల్సినదాని కంటే చాలా ఎక్కువ. దారం లేని సీసా నీళ్లు తాగడానికి పనికొస్తాయి. ల్యాబు మనిషి ఆయన్ను ఆపి అడిగాడట. "ఏమి యజమానా, రెండూ ఒకే బోరువి అంటా ఉండారు, ఇంత తేడా ఎట్లా వస్తాది? నన్ను పరీక్ష చేస్తా ఉండారా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దొంగను పట్టడానికి నేను కట్టిన దారం నా సీసాకే ఉంది. అబద్ధమనడానికి దారి లేకుండా నేనే చేసుకున్నాను. పదకొండేళ్లు కంచం ముందు పెట్టుకున్న చెంబు, మా ఆయనకు పోసిన చెంబు, భారతి పుట్టింటికి వచ్చినప్పుడల్లా మురిసిపోతూ ఇచ్చిన చెంబు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. మందు పెట్టింది నిజమే. రోజూ, నా చేత్తో, నేనే పెట్టుకున్నాను. మా ఆయనకు కూడా ఎక్స్‌రేలు తీశారు. ఆయన ఎముకల్లోనూ కొంచెం ఉంది, కార్డ్ దాకా రాలేదు. వాళ్లు చెప్పినట్టు జాగ్రత్తగా ఉన్నాడు.

ఆపరేషన్ అయ్యి ఏడాదిన్నర దాటింది. గట్టిపడింది మెత్తబడదని డాక్టరు ముందే చెప్పాడు. వాకర్ వదిలేసి చేతికర్రతో నడుస్తున్నాను. చీకట్లో ఒంటరిగా నడవను. వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకుంటాను. భుజం అయిదో నెలలో లేవడం మొదలుపెట్టింది, ఇప్పుడు తల దువ్వుకుంటాను. ఒంటికి పోయే బాధ చాలావరకు తగ్గింది. వేళ్ల చివరలు ఇంకా మొద్దుగానే ఉంటాయి. పండిన పురుగులు ఎత్తే పని ఎక్కువగా మా ఆయన, సరోజ చేస్తారు. అవును, సరోజే. పురుగుల ఇంట్లోకి ఇప్పుడు ఆమెకు అడ్డం లేదు. నేను స్టూలు మీద కూర్చుని నిదానంగా ఒక్కో చంద్రిక నింపుతాను. పోయిన పంటలో నా చేతిలో ఒక్కటే చితికింది. మా బోరు ఇప్పుడు మల్బరీ తోటకు మాత్రమే పారుతుంది.

చదివేవాళ్లకు ఒక్క మాట. అనుమానం మానుకోమని నేను చెప్పలేను, నాకే చేతకాలేదు. ముందు మీ ఇంటి నీళ్లను అనుమానించండి. మీది లోతు బోరైతే ఒక సీసా పట్టి ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. రుచి చూసి నమ్మొద్దు, కాచి నమ్మొద్దు.

ఆసుపత్రి నుంచి వచ్చాక, వాకర్ పట్టుకుని మొదటిసారి గడప దాటిన రోజు సరోజ ఇంటికే పోయాను. నడుమ పదిహేను అడుగులు. చేరేసరికి చెమటలు పట్టాయి. ఆమె వాకిట్లో రాగులు చెరుగుతోంది. చేట కింద పెట్టి లేచి నిలబడింది.

"సరోజా, దాహమైతా ఉండాది. నీళ్లియ్యి."

ఆమె నా మొహం చూసింది. లోపలికి పోయి క్యానులోంచి లోటా నింపి తెచ్చింది. చేతిలోకి తీసుకున్నాను. అలవాటు చావదు కదా, లోపలికి ఒకసారి తొంగి చూశాను. సరోజ కంటపడింది.

"ఏమీ కలపలేదక్కా" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లు నిండిపోయాయి.

"తెలుసు. నువ్వు అప్పుడే చెప్పినావు. నేనే ఇనలేదు."

మొద్దువేళ్లలో లోటా ఒరిగి సగం నీళ్లు రొమ్ము మీద ఒలికాయి. మిగతా సగం తాగి, ఇంకో లోటా అడిగాను.